స్త్రీల రామాయణపు పాటల మీద పీహెచ్‌డీ: ఆరుగురు గాయనులు సరిపోతారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మమ్మల తరం పాడే రామాయణపు పాటల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టారు. డాక్టోరల్ కమిటీలో ఒకరు “శాంపిల్ ఎంత? కనీసం వందమంది లేకపోతే దీన్ని పరిశోధన అని ఎలా అంటాం?” అన్నారు. మీకు దొరికింది ఆరుగురు. థీసిస్ నిలబడుతుందా లేదా అని టెన్షన్ పడుతున్నారు.

నిలబడుతుంది. నేను కోనసీమలో ఇలాంటి పాటల మీదే పనిచేశాను. నాకూ గాయనులు ఎక్కువమంది లేరు. వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) అంకె గురించి అడిగారు, చెప్పాను, ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో చెబుతాను.

ఎంతమంది కావాలన్నది మీరు వేసుకున్న ప్రశ్నను బట్టి ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం చూసే ఉంటారు. వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఏ పనిముట్టును ఏ ప్రాంతంలో ఏమంటారు అన్నది అక్కడి ప్రశ్న. దానికి జిల్లాలన్నీ తిరగాల్సిందే, ఒక ప్రాంతం వదిలేస్తే ఆ మేరకు కోశంలో ఖాళీ ఉంటుంది. మీ ప్రశ్న అది కాదు కదా. ఈమె ఈ పాటను ఇలా ఎందుకు పాడుతోంది, వినేవాళ్ళు ఏం అర్థం చేసుకుంటున్నారు అని మీరు అడుగుతున్నారు. దీనికి వందమంది దగ్గర తలా అరగంట కూర్చోవడం కన్నా, ఆరుగురి ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళడమే మేలు.

పాటల పాఠం, అంటే అందులోని మాటలు, ఒక్కటే కావాలంటే ఊళ్ళు తిరగక్కర్లేదు. కృష్ణశ్రీ గారు సేకరించిన స్త్రీల రామాయణపు పాటలు 1955లోనే అచ్చయ్యాయి. అచ్చులో కనపడనిది ఏమిటో నేను చూసిన ఒక సంగతి చెబుతాను.

‘ఊర్మిళాదేవి నిద్ర’ కథ మీకు తెలిసిందే. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రలోనే ఉంటుంది. అతను తిరిగొచ్చి పక్కన కూర్చుంటే పరాయివాడు అనుకుని మండిపడుతుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఏమయ్యాడు, రావణుడు ఏమయ్యాడు అని నిలదీస్తుంది. రావులపాలెం దగ్గర ఒక ఊళ్ళో, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి అరుగు మీద ఒకావిడ ఈ పాట పాడుతోంది. సరిగ్గా ఆ నిలదీత మొదలయ్యేసరికి అల్లుడు వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఆవిడ గొంతు తగ్గించింది, కూతురితో కాఫీ పెట్టమని చెప్పింది, మళ్ళీ అందుకున్నప్పుడు నిలదీత మొత్తం దాటేసి లక్ష్మణుడు తానెవరో చెప్పుకునే చోట మొదలుపెట్టింది. మర్నాడు ఆడవాళ్ళమే ఉన్నప్పుడు అదే పాట పాడమన్నాను. వదిలేసిన చరణాలన్నీ వచ్చాయి, పక్కింటావిడ మధ్యలో గొంతు కలిపింది కూడా.

నిన్న ఎందుకు వదిలేశారని అడిగితే ఆవిడ అన్న మాట ఇది: “ఊర్మిళకి తెలీదనుకో, వింటున్నవాళ్ళకి తెలుసు కదమ్మా వచ్చినవాడు మొగుడేనని. అల్లుడి ముందు మొగుణ్ణి అన్ని మాటలంటే ఏం బావుంటుంది?”

ఆ పాట మీద అంత మంచి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు. పద్నాలుగేళ్ళు వదిలి వెళ్ళిన భర్తను ఎదురుగా తిట్టలేని భార్య, గుర్తుపట్టనట్టుగా తిడుతోందన్నమాట. మొదటిరోజు రికార్డింగు ఒక్కటే ఉండి ఉంటే, ‘ఈ పాఠంలో కొన్ని చరణాలు లోపించాయి’ అని రాసి ఊరుకునేవాళ్ళం. అల్లుడు రావడం, గొంతు తగ్గడం, మర్నాడు గొంతు కలిసిన పక్కింటావిడ, ఇవన్నీ మీ దత్తాంశమే (డేటాయే). అంకెల మీద కాక అర్థాల మీద ఆధారపడే గుణాత్మక పరిశోధన బలం ఇక్కడుంది. మీ కమిటీకి ఇలాంటిది ఒక్కటి విడమరిచి చూపించండి.

అయితే ఒకావిడ చెప్పింది కదా అని అందరికీ అంటగట్టకూడదు. ఇదే పాటను మగవాళ్ళ ముందు ఏ జంకూ లేకుండా పాడిన ఇంకొకావిడ నాకు తర్వాత తారసపడింది. అల్లుడి ముందు వదిలేస్తారు అన్న నా వాదన అక్కడ ఆగిపోయింది. ఎవరు పాడుతున్నారు, ఆ ఇంట్లో ఆమె మాట ఎంత చెల్లుతుంది అన్నదాన్ని బట్టి తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. మీ వాదనకు ఎదురు నిలిచే గాయని కోసం కావాలనే వెతకండి. కొత్తగా కలిసినవాళ్ళు మీ విశ్లేషణలో ఇంకేమీ మార్చడం లేదంటే అప్పుడు ఆపొచ్చు. సాచురేషన్ అంటున్నది దాన్నే, గ్లేజర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1967లో ప్రతిపాదించారు. కమిటీకి ఈ పేర్లు చెప్పండి, ఉపయోగపడుతుంది.

ఆరుగురూ ఒకే వాడలో, ఒకే కులంలో ఉంటే మాత్రం నాకూ అభ్యంతరమే. సాహిత్య పరిశోధకులు వెల్చేరు నారాయణరావు గారు ఈ రామాయణపు పాటల మీద రాసి, 1991లో అచ్చయిన వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీల పాటలనూ ఇతర కులాల స్త్రీల పాటలనూ విడివిడిగా చూశారు. ఎవరి రామాయణంలో ఏ సంగతికి పెద్దపీట పడుతుందో పోల్చడం అందువల్లే వీలైంది. మీ ఆరుగురిలో పొలం పనికి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేకపోతే, ఏడో మనిషి కోసం అటు వెళ్ళండి.

రికార్డింగును ఎత్తిరాసే పని ఎవరికీ అప్పగించకండి. విసుగ్గానే ఉంటుంది, కానీ ఎక్కడ ఆగింది, ఎక్కడ తడుముకుంది, ఎవరు అందించారు అన్నది వింటూ రాస్తేనే చెవికి పడుతుంది. ఇంటికొచ్చిన రాత్రే నోట్సు రాయండి, పొద్దున్నకి సగం పోతుంది. ఇద్దరి పాఠాలు కలిపి ‘సరైన పాట’ తయారుచేయాలన్న ఆశ వస్తుంది, దానికి లొంగవద్దు. మౌఖిక కావ్యాల పరిశోధకుడు మిల్మన్ పారీ 1930లలో యుగోస్లావియాలో వీరగాథలు పాడే గాయకులను రికార్డు చేశాడు. ఆ పని ఆధారంగా అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో చెప్పింది కూడా అదే: మౌఖిక గానంలో ప్రతిసారి పాడిందీ ఒక అసలు పాఠమే.

అనుమతి గురించి ఒక మాట. సంతకం కాగితం చూస్తే పెద్దవాళ్ళు భయపడతారు, పొలం కాగితాలేమో అనుకుంటారు. రికార్డరులోనే నోటిమాటగా అడిగి ఉంచండి, ఇది మీ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. పేరు వేయమంటారా వద్దా అని ప్రతి ఒక్కరినీ విడిగా అడగండి. మనం దాచాలనుకుంటాం గానీ, తమ పేరు పుస్తకంలో ఉండాలని కోరుకునేవాళ్ళే నాకు ఎక్కువమంది కనిపించారు. అల్లుడి సంగతిలాంటివి రాసేటప్పుడు మాత్రం ఊరూ పేరూ తీసేయండి.

తర్వాతి మీటింగుకి నాలుగు పేజీలు రాసుకెళ్ళండి: ఈ ఆరుగురినే ఎందుకు ఎంచుకున్నారు, ఎవరు దొరకలేదు, ఒక్కొక్కరి దగ్గర ఎంతకాలం కూర్చున్నారు, ఒకే పాట రెండు సందర్భాల్లో ఎలా మారింది. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చరణాల కింద గీత గీయండి. శాంపిల్ గురించి మాట్లాడేముందు వాళ్ళకు ఆ పేజీ చూపించండి.