సమాధానం: ఫిల్టర్ శుభ్రంగానే ఉన్నా డ్రైయర్‌లో బట్టలు ఆరడం లేదు

అక్కా, రాయగడ వానలకి తువ్వాళ్లు ఆరడానికి రెండు గంటలు పడుతోందని, ఫిల్టర్ ప్రతిసారీ దులుపుతున్నా మిషన్ వెనక గోడకి నూగు అంటుకుంటోందని రాశారు. గోడకి నూగు చేరిందంటే, మిషన్ వేడిగాలిని బయటికి పంపే గొట్టం జాయింటు దగ్గర గాలి లీకవుతున్నట్టే. ముందు అది చూడండి.

ఫిల్టర్ జాలి పెద్ద పీచుని బాగానే ఆపుతుంది. సన్న నూగు మాత్రం దాన్ని దాటి గొట్టంలోకి పోతుంది, ఎంత మంచి మిషనైనా అంతే. ప్లగ్ తీసి, మిషన్ ముందుకు జరిపి, గొట్టం ఊడదీయండి. ముడతల ప్లాస్టిక్‌దైతే మార్చేయండి. ఆ ముడతల్లో నూగు పేరుకుంటుంది, నిప్పంటుకుంటే గొట్టం కూడా కాలిపోతుంది. నున్నటి రేకు గొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా పెట్టించండి. జాయింటుకి స్క్రూలు వద్దు, లోపలికి దిగిన మొనలకి నూగు చుట్టుకుంటుంది. క్లాంపు, అల్యూమినియం టేపు చాలు.

బయట గొట్టం మూతికి దోమతెర కట్టలేదు కదా? మలేరియా భయంతో మన వైపు కట్టేస్తుంటారు. అది నూగుతో ఇట్టే మూసుకుపోతుంది. తీసేసి, గాలి తోసినప్పుడే తెరుచుకునే రేకు తలుపున్న మూత పెట్టించండి.

ఇక ఫిల్టర్ జాలి బయటికి తీసి దాని మీద కుళాయి నీళ్లు వదలండి. నీళ్లు జారకుండా నిలిస్తే, బట్టలు మెత్తగా ఉండటానికి వేసే సాఫ్ట్‌నర్ జిడ్డు పట్టినట్టు, అది కంటికి కనబడదు. గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించండి.

కొత్త గామ్చాలు (తుండుగుడ్డలు), దుప్పట్లు విడిగా వేయండి, మొదట్లో నూగు బాగా వదులుతాయి. వంటనూనె అంటిన గుడ్డలు మాత్రం ఉతికినా సరే డ్రైయర్‌లో వేయొద్దు. అవి ఎన్నాళ్లయినా దండెం మీదే.