అమెరికా కాలేజీల్లో సీజన్ టికెట్లు ఫుట్‌బాల్‌కే ఎందుకు ఎక్కువ అమ్ముడవుతాయి?

సీజన్ టికెట్ అంటే ఆ ఏడాది సొంత స్టేడియంలో జరిగే మ్యాచ్‌లన్నిటికీ కలిపి ముందే కొనే టికెట్. ఫుట్‌బాల్‌కు సొంత స్టేడియంలో ఏడాదికి ఆరేడు మ్యాచ్‌లే ఉండటం, అవీ ఎక్కువగా శనివారాల్లోనే రావడం దీనికి ముఖ్య కారణం. (ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట.) పైగా స్టేడియాలు చాలా పెద్దవి, మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షకు పైగా సీట్లున్నాయి. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ మ్యాచ్‌లు చాలా ఎక్కువ, వారం మధ్యలో కూడా పెడతారు. ఉద్యోగాలున్నవాళ్లు అన్నిటికీ రాలేరు కాబట్టి నచ్చిన మ్యాచ్‌కే టికెట్ కొనుక్కుంటారు.

అయితే మిగతా ఆటలకు, ముఖ్యంగా మహిళల ఆటలకు, జనం రారనుకోవడం పొరపాటు. నెబ్రాస్కా యూనివర్సిటీ మహిళల వాలీబాల్ హోమ్ మ్యాచ్‌లకు 2001 నుంచి టికెట్లు మిగలడం లేదు. 2023 ఆగస్టు 30న ఆ జట్టు మ్యాచ్‌ను ఫుట్‌బాల్ స్టేడియంలో పెడితే 92,003 మంది వచ్చారు!