ఆటలో బంగారం గుట్టలుగా పోగైతే ఏం చేయాలి?

మీరు నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట ఇది) మీ కర్నూలు బృందంలో అందరూ అప్పుడే కోటీశ్వరులైపోయారని, ఆటలో డబ్బుకు విలువే లేకుండా పోయిందని అడిగారు. ముందు కూలి రేటు పట్టుకోండి. ఈ ఆట 2014 నియమాల్లో మామూలు కూలీకి రోజుకు 2 వెండి నాణేలు. 10 వెండికి ఒక బంగారు నాణెం. అంటే 500 బంగారు నాణేల నిధి 2,500 రోజుల కూలి! అంత సొమ్ముకు చిన్న ఊళ్లో చిల్లర ఎవరిస్తారు?

దీనికి మంచి నమూనా మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలే. తొలకరి వానలకు వజ్రం దొరికినా చాలాసార్లు అసలు ధర రాదు. కొనేది కొద్దిమంది వ్యాపారులే, వాళ్లు చెప్పిందే రేటు. మీరూ ఆటగాళ్లకు నాణేలకు బదులు వజ్రం లాంటి రాయి ఇవ్వండి. బేరం, దొంగల భయం, రాజుగారి వాటా అన్నీ వెంటబడతాయి, కథ దానంతటదే నడుస్తుంది. నాణేలే ఇస్తే బరువు లెక్కపెట్టండి, 50 నాణేలు ఒక పౌండు. తిండి, బస ఖర్చులు మాత్రం పైసాపైసా రాయొద్దు, వారానికోసారి కొంత తీసేస్తే చాలు.