ఏడవలేదని ఆమే చంపిందనుకోవాలా?

ప్రశ్న: నా వయసు 38. విశాఖపట్నంలో ఉంటాం. మా ఆయన మర్చంట్ నేవీలో పనిచేస్తారు. ఏడాదిలో సగానికి పైగా ఓడ మీదే. అత్తయ్యగారు నిరుడు కాకినాడలో మా మరిది ఇంటికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఇంట్లో నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా పాపే. నిద్రపట్టక ఒక రాత్రి యూట్యూబ్‌లో నోయిడా ఆరుషి కేసు వీడియో చూశాను. ఇక ఆపలేకపోతున్నాను. ఆ ఫ్లాట్ ప్లాన్ నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎవరు ఎన్నింటికి ఫోన్ చేశారు, అన్నీ రాసుకున్నాను. రాత్రి రెండు, మూడు దాకా ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాదిస్తుంటాను. తల్లే చేసి ఉంటుందని, టీవీలో ఆవిడ కంట నీటిచుక్క రాలేదని నేను పెట్టిన కామెంట్‌కు వందల్లో లైకులు వచ్చాయి. ఒక్కోరోజు పనివాళ్లే చేశారనిపిస్తుంది. అలాంటప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని చూస్తే వణుకు. అతని భార్య మా ఇంట్లో పనిచేసేది, మాన్పించేశాను. అతని చూపు బాగోలేదని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నిజం చెప్పాలంటే అతను మాతో ఎప్పుడూ తప్పుగా లేడు. మొన్న మా పాప నా నోట్‌బుక్ చూసి, 'అమ్మా, నాకేమైనా అయితే, నువ్వు ఏడవకపోతే నిన్ను కూడా ఇలాగే అంటారా?' అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆయనకు చెబితే 'నీకు పిచ్చి పట్టింది' అని ఫోన్ పెట్టేశారు. నాకు నిజంగానే ఏమైనా అయిందా?

జవాబు: మీకు పిచ్చి పట్టలేదు. భయం పట్టుకుంది. అది ఎప్పుడు మొదలైందో కూడా మీరే రాశారు: అత్తయ్యగారు వెళ్లిపోయాక. అప్పటిదాకా రాత్రి తలుపు గడియ పడిందో లేదో చూసుకునే పెద్ద మనిషి ఒకరు ఇంట్లో ఉండేవారు. ఇప్పుడు ఆ పని మీ ఒక్కరిదే అయింది. తోడుగా పదమూడేళ్ల పిల్ల. అలాంటి రోజుల్లో, పద్నాలుగో పుట్టినరోజుకు వారం ముందు సొంత గదిలో హత్యకు గురైన పిల్ల కథ కంటపడింది. తల్లి మనసు అక్కడ ఆగిపోవడంలో వింతేమీ లేదు. హంతకుడెవరో తేలితే 'మా ఇల్లు అలాంటిది కాదు' అనుకుని నిద్రపోవచ్చని లోపల ఎక్కడో మీ ఆశ.

కానీ ఆ కేసు మీకు ఆ నిద్ర ఇవ్వలేదు. ఎందుకో ఆ కేసులోనే ఉంది, చూడండి.

2008 మే 16 ఉదయం నోయిడా జలవాయు విహార్‌లోని ఆ ఫ్లాట్‌లో ఆరుషి శవం కనిపించింది. పనిమనిషి హేమరాజ్ కనిపించలేదు. ఇంకేముంది, చంపింది అతనే అన్నారు. పోలీసులు వెతుకులాట మొదలుపెట్టారు, బహుమతి కూడా ప్రకటించారు. ఇంటి నిండా బంధువులు, ఇరుగుపొరుగు, విలేకరులు. టెర్రస్ తలుపుకు తాళం ఉంటే ఆ రోజు దాన్ని ఎవరూ తెరిపించలేదు. మర్నాడు తెరిస్తే హేమరాజ్ శవం అక్కడే ఉంది. దేశమంతా హంతకుడని వెతుకుతున్న మనిషి ఆ ఇంటి పైనే చచ్చిపడి ఉన్నాడు. ఆ మొదటి రోజు పోయిన వేలిముద్రలు, రక్తపు మరకలు మళ్లీ రావు. మీరు ప్లాన్ ఎంత నీటుగా గీసినా రావు.

తర్వాత తండ్రిని అరెస్టు చేశారు. ఆ సంగతి చెప్పిన ప్రెస్ మీట్‌లో పోలీసు ఉన్నతాధికారి చనిపోయిన పిల్ల పేరే తప్పు పలికారు. కేసు సీబీఐకి వెళ్లింది. సీబీఐలో మొదటి బృందం హేమరాజ్ కాక వేరే పనివాళ్లను అనుమానించింది, రెండో బృందం తల్లిదండ్రులను అనుమానించింది. ఫైలు, ఫోరెన్సిక్ రిపోర్టులు, మనుషులు, అన్నీ చేతిలో పెట్టుకున్న ఒకే సంస్థ రెండు వైపులకు వెళ్లింది. 2010 డిసెంబర్‌లో తగిన ఆధారాలు లేవంటూ కేసు మూసేయడానికి రిపోర్టు ఇచ్చింది. ఘజియాబాద్ కోర్టు దాన్ని ఒప్పుకోకుండా తల్లిదండ్రుల మీదే విచారణ జరపమంది. 2013 నవంబర్‌లో ఇద్దరికీ యావజ్జీవం పడింది. 2017 అక్టోబర్ 12న అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. 2018లో సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

మీ నోట్‌బుక్‌లో ఉన్న తలుపుల లెక్క కొత్తది కాదు. ఇంట్లో ఉన్నది నలుగురు, పోయింది ఇద్దరు, కాబట్టి మిగతా ఇద్దరే చేశారన్నది ప్రాసిక్యూషన్ వాదన. బయటివాళ్లు వచ్చి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని, పరిస్థితులను బట్టి అల్లిన సాక్ష్యాల గొలుసు పూర్తి కాలేదని హైకోర్టు చెప్పింది. ఇందులో మన హైదరాబాద్ ముచ్చట కూడా ఒకటి ఉంది. డీఎన్ఏ పరీక్షలు చేసే ఇక్కడి సీడీఎఫ్‌డీ ఇచ్చిన రిపోర్టులో, హేమరాజ్ రక్తం అనుమానితుడైన ఒక పనివాడి గదిలో దొరికిన దిండు గలీబు మీద ఉన్నట్టు కనిపించింది. అది టైపింగులో జరిగిన తప్పని, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయని 2011లో ఆ సంస్థే రాసింది. నిందితుల తరఫు లాయర్లు ఆ మాట నమ్మలేదు. ఒక్క దిండు గలీబు గురించి కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదన నడిచింది. రాత్రి రెండు గంటలకు ఫోన్‌లో మీరూ ఇంకొకరూ దాన్ని తేల్చేస్తారా?

ఆ పనివాళ్లకు మత్తుమందిచ్చి ప్రశ్నలడిగిన నార్కో పరీక్షల వీడియోలు కూడా మీ కంటపడే ఉంటాయి. మత్తులో ఉన్న మనిషి ఏదో చెబుతుంటే నిజం బయటికొచ్చేసిందనిపిస్తుంది. మనిషి ఇష్టం లేకుండా అలాంటి పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పనివాళ్లే అని మీకు అనిపించే రోజులు, ఆ వీడియోలు చూసిన రోజులు ఒకటేనేమో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు ఆ కామెంట్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో లెక్కపెట్టే అలవాటు మనవాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. కోడలు శవం మీద పడి ఏడవలేదు, కొడుకు కళ్లు తుడుచుకోలేదు, చెల్లెలు కాఫీ తాగింది, అని పదకొండో రోజు భోజనాల దగ్గర చెప్పుకుంటారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో అలా మాట పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. బిడ్డ పోయిన రోజు సామాను లెక్కలు రాసిన తల్లులు, బంధువులకు రైలు టికెట్లు బుక్ చేసిన తండ్రులు, ఎవరు పలకరించినా 'అవునండి, అవునండి' అంటూ తల ఊపినవాళ్లు. వాళ్లకు దుఃఖం లేక కాదు. దెబ్బ అంత పెద్దదైనప్పుడు కొందరికి ఒళ్లు, మనసు రెండూ మొద్దుబారిపోతాయి. ఏడుపు మూడు నెలలకు రావచ్చు, బజారులో ఏదో వస్తువు చూసినప్పుడు రావచ్చు, ఒక్కోసారి అసలు రాకపోవచ్చు. గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్లందరూ అమాయకులే అని కూడా ఏమీ లేదు. మనిషి మొహం చూసి నేరం తెలుసుకునే విద్య నాకు రాదు. ముప్పై సెకన్ల టీవీ ముక్క చూసి ఎవరికీ రాదు.

అందుకే ఆ కామెంట్ తీసేయండి. లైకులు చూసి ఆగొద్దు. ఆవిడ బతికున్న మనిషి, హైకోర్టు నిర్దోషి అన్న మనిషి. పరువునష్టం అనేది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసు పెడతారని భయపెట్టడానికి కాదు, మీరు చేసింది ఊరికే మాట్లాడుకోవడం కాదని తెలియాలని చెబుతున్నాను. 2022 నవంబర్‌లో అమెరికాలోని ఐడహోలో ఒక ఇంట్లో నలుగురు కాలేజీ పిల్లల్ని చంపేశారు. నెలన్నర పాటు ఊరూ పేరూ తెలియనివాళ్లంతా ఆన్‌లైన్‌లో డిటెక్టివులైపోయారు. టారో కార్డులు చూసే ఒకావిడైతే అక్కడి ప్రొఫెసరే చంపించిందని వీడియోల మీద వీడియోలు పెట్టింది. ప్రొఫెసర్ కోర్టుకెళ్లారు, పరువునష్టం జరిగిందని 2024లో జడ్జి తేల్చారు. పోలీసులు పట్టుకున్నది ఆమెతో ఏ సంబంధమూ లేని వ్యక్తిని. 2025లో అతను నేరం ఒప్పుకున్నాడు.

ఇక మీ వాచ్‌మన్. మీ లేఖలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన భాగం ఇదే. ఆరుషి కేసు అంటాం కానీ ఆ ఇంట్లో పోయింది ఇద్దరు. రెండో మనిషి పేరు మీ లేఖలో లేనే లేదు. నేపాల్ నుంచి పొట్టకూటికి వచ్చిన హేమరాజ్‌ను చనిపోయిన రోజు కూడా హంతకుడనే అన్నారు, కారణం అతను పనివాడు కావడమే. మీరు మీ కింద గదిలో ఉండే కుటుంబానికి చేసింది కూడా దాదాపు అదే. అతను తప్పుగా లేడని మీరే రాశారు. ఆ ఒక్క మెసేజ్‌కి ఒక ఇల్లు ఖాళీ అవుతుంది, అక్కడి పిల్లల బడి మారుతుంది.

అలాగని భయం వేసినా నోరు మూసుకోమని అనను. ఎవరైనా పాపను అడ్డగించినా, వద్దన్నా ముట్టుకున్నా, వెంట నడిచినా, అది వాళ్లు చేసిన పని. దాని మీద ఫిర్యాదు చేయాలి, గట్టిగానే చేయాలి. ముందు పాపను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా, 'మన బిల్డింగ్‌లో ఎవరితోనైనా నీకు ఇబ్బందిగా ఉందా' అని అడగండి. పాప లేదని చెబితే మాత్రం ఈ వారమే గ్రూపులో 'అతని గురించి నేను అలా రాయకుండా ఉండాల్సింది, అతను ఏ తప్పూ చేయలేదు' అని పెట్టండి. ఎక్కడ అన్నారో అక్కడే వెనక్కి తీసుకోవాలి, పాత మెసేజ్ గుట్టుగా డిలీట్ చేస్తే సరిపోదు. అతని భార్యను పిలిచి మాట్లాడండి. మళ్లీ పనికి వస్తుందో రాదో ఆమె ఇష్టం. మాన్పించిన నెల జీతం మాత్రం పూర్తిగా ఇచ్చేయండి.

పాప ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉంది. పిల్ల ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. తనకేమైనా అవుతుందేమో అన్న భయం, అమ్మను లోకం ఏమంటుందో అన్న భయం, రెండూ అందులో ఉన్నాయి. మీరు ఆమె పక్కన కూర్చుని ఇలా చెప్పవచ్చు: 'నువ్వడిగింది నిజమే. ఏడవలేదని ఎవరినీ అలా అనకూడదు. నేను అన్నాను, తీసేశాను. రాత్రిళ్లు నాకు భయమేస్తోంది, అందుకే అవన్నీ చూస్తున్నాను. ఆ భయం సంగతి నేను చూసుకుంటాను, అది నీ పని కాదు.' చివరి మాట మర్చిపోకండి. తండ్రి ఓడ మీద ఉండే ఇళ్లలో ఆడపిల్లలు చాలా తొందరగా అమ్మకు కాపలా కాయడం మొదలుపెడతారు. నోట్‌బుక్ ఆమెకు కనబడేలా ఉంచొద్దు. చింపేయాలనిపిస్తే చింపేయండి.

రాత్రుల విషయం. ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టి గదిలోకి వెళ్లండి, అలారానికి గడియారం కొనుక్కోండి. ఆ కేసు గురించి చదవాలనిపిస్తే పగలు చదవండి. పగటి వెలుతురులో దానికి అంత పట్టు ఉండదు. మీ భయంలో నిజమైన ముక్క కూడా ఒకటుంది, ఒంటరిగా ఉన్నారన్నది. దానికి చేయగలిగినవి చేసేయండి. తలుపుకు గొలుసు, కాలింగ్ బెల్‌కి కెమెరా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే పక్కింటివాళ్ల నంబరు. అత్యవసరమైతే 112. అత్తయ్యగారిని నెలలో కొన్ని రోజులైనా వచ్చి ఉండమని అడిగారా? కోడలు అడగలేదని ఆవిడ అక్కడ చిన్నబుచ్చుకుని ఉన్నా ఆశ్చర్యం లేదు. లేదంటే మీ అమ్మగారు.

మీ ఆయనకు ఫోన్‌లో కాదు, రాసి పంపండి. కేసు సంగతి ఒక్క ముక్క రాయొద్దు. 'మీరు లేని రాత్రుల్లో నాకు భయంగా ఉంటోంది, నిద్రపట్టడం లేదు' అని రాయండి. మీరు ఇన్నాళ్లూ ఆయనకు హత్య గురించి చెబుతున్నారు, ఆయన హత్య గురించే విన్నారు. ఓడ మీద ఉన్న మనిషికి ఇంటి నుంచి అలాంటి మాటలు వస్తే కోపం ముసుగులో ఆయన పడుతున్నదీ భయమే అయి ఉండవచ్చు. అయినా పిచ్చి అన్న మాటకు మీ మనసు నొచ్చుకుందని కూడా అదే ఉత్తరంలో చెప్పండి.

రెండు మూడు వారాలు ఇలా చేసినా నిద్ర రాకపోయినా, తలుపు గడియ పదే పదే చూసుకోవడం, గుండె దడ, ఆకలి మందగించడం లాంటివి ఉన్నా సైకియాట్రిస్టుని కలవండి. దూరం అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పాప కూడా రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఆమెను కూడా తీసుకెళ్లండి.