ఇల్లు మారబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు, అత్త ఆశీస్సులు.

నల్లకుంట ఇల్లు విడిచి కొండాపూర్‌లో ఫ్లాటు తీసుకుంటున్నావనీ, ఇకమీదట తనకూ మీ నాన్నకూ మధ్య కబుర్లు మోయనని తెగేసి చెప్పావనీ మీ అమ్మ ఫోనులో వాపోయి, నీకు నచ్చజెప్పమని కోరింది. ఆ పని నేను చేయను. మన ఇంటి పిల్లకు ఇంత తెగువ వచ్చినందుకు గర్వంగా ఉంది. కాని నువ్వు ఎలా వెళతావో అన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టడం లేదు.

అద్దె ఒప్పందం నీ పేరు మీదే రాయించుకో. ఇంటికి నెలకు ఎంత ఇవ్వగలవో ముందే చెప్పు. కోపం వచ్చినప్పుడు ఆ డబ్బు ఆపకు.

అలిగినప్పుడల్లా "మీ నాన్నకు చెప్పు", "మీ అమ్మను అడుగు" అంటూ నిన్ను నడుమ నిలబెట్టడం నువ్వు బడికి వెళ్లే వయసు నుంచీ నేను చూస్తున్నదే. ఇద్దరి మధ్య ఉద్రిక్తత భరించలేనంత పెరిగితే మూడో మనిషిని లోపలికి లాగుతారని, దానికి త్రికోణమని పేరు పెట్టిన అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెన్ గురించి నేను కాలేజీలో పాఠం చెప్పేదాన్ని. విద్యార్థుల చేత మూడు తరాల కుటుంబ పటం గీయించేదాన్ని. నువ్వూ గీసి చూడు. మీ నాయనమ్మకూ తాతయ్యకూ నడుమ, ఇప్పుడు నువ్వున్న చోటే, మీ పెదనాన్న కనిపిస్తాడు.

అతని సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. తాతయ్య జీతం నాయనమ్మ చేతిలో పెట్టేదీ, ఆమె నిష్ఠూరాలు ఆయనకు చేర్చేదీ అతనే. ఒక దీపావళి మర్నాడు ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా పెట్టె సర్దుకొని రామచంద్రాపురం వెళ్లిపోయాడు; మా ఉత్తరాలకు జవాబు రాయలేదు. అతను బయటపడ్డాడనుకొని నేను లోలోపల అసూయపడ్డాను కూడా. అతని పెళ్లయిన చాన్నాళ్లకు ఆ ఇంటికి వెళితే, మీ పెద్దమ్మ కొడుకుతో "మీ నాన్నను భోజనానికి రమ్మను" అంటోంది. ఆయన అదే గదిలో, పిలిస్తే పలికేంత దగ్గరలో పేపరు చదువుతున్నాడు. తాతయ్య పోయినప్పుడు వచ్చి వాకిట్లో నిలబడి, తల్లిని పలకరించడం చేతకాక, "అమ్మకు చెప్పు, నేను వచ్చానని" అని నన్నే అడిగాడు. తెగతెంపులు చేసుకుంటే గొడవ కంటికి కనిపించకుండా పోతుందే తప్ప తీరదని బోవెన్ అన్న మాట నాకు ఆ వాకిట్లోనే అర్థమైంది.

నువ్వు అలా వెళ్లకు. వెళ్లే తేదీ అమ్మకూ నాన్నకూ విడివిడిగా, ఒకే మాటల్లో చెప్పు. అమ్మ మళ్లీ కబురు అప్పగించబోతే, "అది నాన్నతోనే అనమ్మా" అని వేరే సంగతి ఎత్తు. త్రికోణాల ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. కోపం వస్తే ఫోను స్విచ్ఛాఫ్ చేసే అలవాటు నీకుందే, అది అచ్చంగా తాతయ్య పోలిక, మానుకో. తిడుతున్నానని చిన్నబుచ్చుకోకు తల్లీ, మీ పెదనాన్నను తిట్టేవాళ్లు లేకపోయారు.

మన ఇంట్లో చేయి చేసుకోవడం లేదు కనుకే నెమ్మదిగా వెళ్లమంటున్నాను. ఉంటే, 2005 గృహహింస చట్టం కూతుళ్లకూ వర్తిస్తుంది, వెంటనే గడప దాటమనేదాన్ని. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చెయ్యి; తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వు వెళ్లిన కొత్తలో అమ్మకు బీపీ పెరిగిందని కబురు వస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు. వచ్చి డాక్టరుకు చూపించు, రెండు రోజులుండి వంట చేసిపెట్టు, సోమవారం ఉదయానికి కొండాపూర్ వెళ్లిపో.

ఇట్లు,
మీ అత్త