బిడ్డ తల్లికన్నా పెద్దదైతే

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

బంగ్లాదేశ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సాయంత్రం పూట బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా గట్టు మీద కూర్చుని. రెండోసారి ఇంట్లో, ఎర్ర కలం పట్టుకుని. గట్టు మీద చదివినప్పుడే ఎక్కువ నచ్చింది.

ఘాజీతో ఎత్తుకోవడం బాగుంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఆ పాకిస్తానీ జలాంతర్గామి మన రేవు బయట మునిగేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటిస్తుంటే మైదా జిగురు గిన్నె పట్టుకున్నది నేనే. అయితే ‘మన యుద్ధనౌక రాజ్‌పుత్ దాన్ని ముంచేసింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది మన నౌకాదళం చెప్పే మాట. లోపలే పేలుడు జరిగిందనో, అది పరిచిన మందుపాతరలే దాన్ని ముంచాయనో అవతలివాళ్ళు అంటారు. రెండూ రాయి. అన్నట్టు, నేవీ డే ఘాజీ మునిగినందుకు కాదు, కరాచీ రేవు మీద దాడి చేసినందుకు. మన ఊళ్ళో సగం మంది ఈ పొరపాటే పడతారు, నీకు మినహాయింపు లేదు.

నీ వ్యాసంలో అసలు రత్నాన్ని అర వాక్యంలో పారేశావు: ‘కరాచీలో బయల్దేరి సిలోన్ చుట్టి వచ్చిన ఘాజీ’ అని. అక్కడ ఆగాలమ్మా! తన దేశపు పడమటి సగం నుంచి తూర్పు సగం, అంటే నేటి బంగ్లాదేశ్ వైపు నీళ్ళలోకి రావడానికి ఒక ఓడ పరాయి దేశం మొత్తాన్ని చుట్టిరావలసి వచ్చింది. నడుమ దాదాపు 1,600 కిలోమీటర్ల భారతదేశం. పాఠకుడి చేతికి పటం ఇచ్చి, వేలితో ఆ దారి గీయించు. తర్వాత నువ్వు చెప్పేది వింటాడు.

వింటాడు గనకే, వెంటనే ‘దూరమే ఆ దేశాన్ని విడదీసింది’ అనకూడదు. మన రేవులో ఓడ ఎక్కితే అండమాన్ దాదాపు 1,200 కిలోమీటర్లు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ ఆ వేళకు అక్కడే భద్రంగా ఉంది. ఆ దీవుల వాళ్ళు విడిపోతామంటున్నారా? నార్వే, స్వీడన్‌లది ఒకే గోడ, ఒకే రాజు. అయినా 1905లో విదేశాల్లో తమ వ్యాపారం చూసుకునే కాన్సల్‌లు తమకు వేరే కావాలన్న తగవు ముదిరి నార్వే విడిపోయింది. ఓటింగులో వద్దన్నవాళ్ళు 184 మంది. ఒక పెళ్ళికి వచ్చే జనం కూడా కాదు.

ఇక ‘తల్లి ఒడి నుంచి తెగిన బిడ్డ’. ఈ ఉపమానాన్ని కొట్టేశాను, కోపం వద్దు. తూర్పు పాకిస్తాన్ బిడ్డ ఎలా అవుతుంది? దేశ జనాభాలో సగానికి పైగా అక్కడే ఉండేది. రాజధాని మాత్రం మొదట కరాచీ, తర్వాత ఇస్లామాబాద్. సైన్యమూ, పెద్ద ఉద్యోగాలూ ఎక్కువగా పడమటివాళ్ళవే. 1955లో పడమటి రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసి, రెండు భాగాలకూ చట్టసభలో సమాన స్థానాలన్నారు. ఎక్కువ మంది ఉన్నవాళ్ళను సగానికి దించడానికి సమానత్వమని పేరు పెట్టారు. ఈ లెక్క దగ్గర నువ్వు ఒక పేజీ ఖర్చు చేసినా నేను కాదనను.

భాష గురించి ఆవేశంగా రాశావు. 1948లో జిన్నా ఢాకా వెళ్ళి ఉర్దూ ఒక్కటే అధికార భాష అనడం, 1952 ఫిబ్రవరి 21న విద్యార్థుల మీద కాల్పులు, అన్నీ సరే. అదే ఏడాది డిసెంబరులో మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలారు. ఏడాది తిరక్కుండా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఈ పోలిక నీకెందుకు తట్టలేదో నాకు అర్థం కాలేదు. అయితే అక్కడా 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చారు. భాషే మొత్తం కారణమైతే కథ అక్కడితో ముగియాలి కదా? పదేళ్ళ తర్వాత తూర్పు పార్టీ అవామీ లీగ్ నాయకుడు ముజీబ్ పెట్టిన ఆరు డిమాండ్లు మళ్ళీ చదువు. భాష ఊసే లేదు. పన్నులు ఎవరు వేయాలి, విదేశీ మారకం ఎవరి ఖాతాలో పడాలి, తూర్పు డబ్బు పడమటికి పారిపోకుండా ఏం చేయాలి, తమకు సొంత రక్షక దళం ఎందుకు ఉండకూడదు. ఈ చివరిది ఊరికే రాలేదు; 1965 యుద్ధంలో తూర్పును దాదాపు దేవుడికే వదిలేశారు. డబ్బు సంగతికి జనపనార చాలు. మీ నెల్లిమర్ల వైపు మిల్లు చూస్తూ పెరిగినదానివి, ఆ నార వాసన నాకంటే నీకే బాగా తెలుసు. దేశానికి విదేశీ మారకం తెచ్చిన పెద్ద సరుకు తూర్పు పొలాల్లో పండింది, ఆ డబ్బుతో ఎక్కువ బాగుపడింది పడమర.

దూరానికి అసలు పాత్రే లేదనను. 1970 నవంబరు 12 రాత్రి తూర్పున తుపాను వచ్చి కనీసం మూడు లక్షల మంది పోయారు. సాయం ఆలస్యమైంది. హుద్‌హుద్ నాడు నువ్వు చిన్నపిల్లవి, కానీ ఎవరైనా వచ్చి పలకరిస్తారా అని జనం ఎదురుచూడడం చూసే ఉంటావు. ఆ ఎదురుచూపు ఏమిటో రాయి. నెల తిరక్కుండా ఎన్నికలు వచ్చాయి: తూర్పున 162 స్థానాల్లో 160 అవామీ లీగ్‌కే, పడమట ఒక్కటీ లేదు. మొత్తం 300లో అది స్పష్టమైన మెజారిటీ. అయినా 1971 మార్చి 1న సభను వాయిదా వేశారు, 25 రాత్రి సైన్యాన్ని దింపారు. తర్వాతి యుద్ధం గురించి నువ్వు ఆరు పేజీలు రాశావు, రెండు చాలు.

తిరగరాసి పండగలోపు పంపు. నాలుగో పేజీలో లొంగిపోయిన పాకిస్తానీలు 9,300 అని పడింది, అది 93,000. సున్నాలు చూసుకో.

ఇట్లు,
మీ మాస్టారు