బలిసిన గేదె ఎదకు రాదెందుకు? అండాశయంలో గడ్డ క్యాన్సరేనా?

ప్రశ్న: మా ముర్రా గేదె మూడో ఈత ఈని అయిదు నెలలైంది. చూడి మీద వట్టిపోయిన రోజుల్లో తవుడు, పత్తిచెక్క బాగా పెట్టాం, నున్నగా బలిసింది. ఈనిన రెండు వారాలకు దాణా ముట్టడం మానేసింది. గడ్డి మాత్రం తింటూ బాగా చిక్కిపోయింది. ఇప్పుడు మళ్లీ ఒళ్లు చేసింది గానీ ఎదకు రాలేదు. చెయ్యి పెట్టి చూసినాయన ఎడమ అండాశయంలో గడ్డ ఉంది, క్యాన్సర్ కావచ్చు, అమ్మేయమన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, కొల్లిపర మండలం, గుంటూరు జిల్లా

జవాబు: గేదెను అప్పుడే అమ్మకండి. మీరు రాసినదాంట్లో క్యాన్సర్ కంటే ముందు నన్ను ఆపింది వేరే మాట. దాణా వదిలేసి గడ్డి మాత్రం తినడం కీటోసిస్ లక్షణం, అంటే ఒంటి కొవ్వు మరీ వేగంగా కరిగి రక్తంలో కీటోన్లనే పదార్థాలు పేరుకునే జబ్బు. ఆ రోజుల్లో దాని ఊపిరి గానీ పాలు గానీ మగ్గిన పండులా తియ్యటి వాసన వేశాయేమో గుర్తు చేసుకోండి. ఎద రాకపోవడానికి మూలం చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం.

కొవ్వంటే ఒంట్లో దాచిన మేత అనే మనందరి లెక్క. కానీ అది హార్మోన్లు వదిలే గ్రంథి కూడా. 1994లో లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నాక ఈ సంగతి గట్టిగా తేలింది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకు తెలియజేస్తుంది. నిల్వ వేగంగా కరిగి లెప్టిన్ పడిపోతే, అండాశయాన్ని పనిచేయించే హార్మోన్లను మెదడు తగ్గించేస్తుంది. అండం పక్వానికి రాదు, ఎదా రాదు.

బలిసిన గేదెకు లెప్టిన్ ఎక్కువే ఉండాలి కదా అంటారేమో. చిక్కు అక్కడే ఉంది. లెప్టిన్ ఆకలిని కూడా తగ్గిస్తుంది. పైగా ఒళ్లు మరీ పెరిగితే కొవ్వు నుంచే వచ్చే అడిపోనెక్టిన్ అనే మరో హార్మోన్ తగ్గి, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అలాంటి గేదె ఈనగానే పాలు దిగుతాయి, మేత మాత్రం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి కొవ్వు ఒక్కసారిగా కరిగి కాలేయం మీద పడుతుంది. కాలేయం కొవ్వుపట్టి, అండపు బుడగ (అండాశయంలో అండం పెరిగే తిత్తి) ఎదగడానికి కావలసిన ఐజీఎఫ్-1 హార్మోన్‌ను తక్కువ తయారుచేస్తుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు బుడగలోని ద్రవంలోకి చేరి అండాన్నే దెబ్బతీస్తాయి. బుడగ పూర్తిగా ఎదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఈనినప్పటి దెబ్బ ఒళ్లు తేరుకున్నాక కూడా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక గడ్డ సంగతి. క్యాన్సర్, ఊబకాయం కలిపి వినడంతో మీకు భయం పట్టుకుని ఉంటుంది. మనుషుల్లో ఆ సంబంధం ఉన్నదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఊబకాయంతో ముడిపెట్టిన 13 రకాల క్యాన్సర్లలో అండాశయానిదీ ఉంది. మనుషుల లెక్కను గేదెకు అంటగట్టకూడదు. పశువుల అండాశయంలో గ్రాన్యులోసా కణాల (అండపు బుడగ లోపలి గోడ కణాల) కణితి వస్తుంది గానీ, అది అరుదు. సాధారణంగా ఒకవైపే వచ్చి బాగా పెద్దదవుతుంది, రెండో అండాశయం చిన్నబోయి పనిమానేస్తుంది. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం నీటితిత్తులో, అండం విడుదలయ్యాక ఆ చోట మామూలుగా ఏర్పడే పచ్చ గ్రంథులో అయి ఉంటాయి. గేదెలో పచ్చ గ్రంథి అండాశయంలో పూడుకుని ఉండటంతో చేత్తో పోల్చుకోవడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. అది పచ్చ గ్రంథే అయితే మీ గేదె మూగ ఎదకు (పైకి గుర్తులు కనిపించని ఎదకు) వస్తూనే ఉండొచ్చు, మీకు తెలియకపోవచ్చు!

అందుకని ముందు స్కానింగ్ చేయించండి. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి దగ్గర్లో ఎక్కడ స్కానింగ్ ఉందో అడగండి. నీటితిత్తి పలుచని గోడతో నల్లగా కనిపిస్తుంది. కణితి గట్టి ముద్దలా గానీ, తేనెపట్టులా గదులుగదులుగా గానీ ఉంటుంది. పది రోజులాగి మళ్లీ చూపిస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. తిత్తి రకాన్ని బట్టి డాక్టరుగారు హార్మోన్ సూది రాస్తారు. పరీక్ష లేకుండా ఎవరో చెప్పారని సూదులు వేయించొద్దు. ఒకవేళ కణితే అయినా, ఒకవైపుకే పరిమితమైతే ఆ అండాశయాన్ని తీసేశాక రెండోది మళ్లీ పనిచేసి చూడి కట్టిన పశువులున్నాయి.

ఈలోగా తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఎద గుర్తుగా తోక కింద జిగట తీగలు పడుతున్నాయేమో చూడండి. పాలు ఉన్నట్టుండి తగ్గినా, పదేపదే మూత్రం పోస్తున్నా అవీ ఎద గుర్తులు కావచ్చు, రాసిపెట్టుకోండి. లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు ఇవ్వండి. ఎండ ఎక్కువైతే మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు కొట్టండి.

వచ్చే ఈతకు మాత్రం పాలు ఎండగట్టే రోజునే తోక మొదట్లో చెయ్యి పెట్టి చూడండి. గుంట పూడిపోయి కొవ్వు మెత్తగా చేతినిండా తగిలితే ఒళ్లు ఎక్కువైనట్టే. ఒంటి పుష్టిని 1 నుంచి 5 వరకు లెక్కేస్తే ఈనేనాటికి 3 – 3.5 దగ్గర ఉండాలి. వట్టిపోయిన గేదెకు వరిగడ్డి, పచ్చిమేతే ప్రధానం. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి దాణా మెల్లగా పెంచండి. అప్పటికే బలిసి ఉందని చూడి చివర్లో మేత కోయొద్దు, అప్పుడూ కొవ్వు కరిగి ఇదే కథ మొదలవుతుంది. ఈనాక దాణాను రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుతూ రెండు లీటర్ల పాలకు ఒక కిలో లెక్కకు తీసుకురండి. ఒక్క పూట దాణా వదిలేసినా ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి.